వెనుక వరుసలోని వాద్యానికి వాక్కునిచ్చిన చార్లీ క్రిస్టియన్

లోకంలో కొందరు దీర్ఘకాలం జీవిస్తారు; కొందరు కొద్దికాలమే జీవించి దీర్ఘకాలం వినిపిస్తారు. అమెరికా దేశపు గిటారు వాద్యకారుడు చార్లీ క్రిస్టియన్ ఈ రెండవ కోవకు చెందినవాడు. 1916 జూలై 29న పుట్టి 1942 మార్చి 2న కన్నుమూసిన ఈ యువకుడు ఈ భూమిపై గడిపినది ఇరవై అయిదు సంవత్సరాల ఏడు మాసాలు మాత్రమే. అందులోనూ దేశమంతటా అతని వాద్యం మారుమ్రోగినది రెండేళ్ళకైనా నిండని కాలం. అయినప్పటికీ, నేడు ఎక్కడ ఎవరు విద్యుత్ గిటారును ఒడిలోకి తీసుకొని ఒక్కొక్క స్వరాన్నే మీటుతూ పాటలా పలికించినా, ఆ పలుకులో ఈ యువకుని ఋణం ఎంతో కొంత ఉండక తప్పదు.

కళాశాల సంచికలలో మహాపురుషుల జీవితాలు విరివిగా వెలువడుతూనే ఉంటాయి. రాజ్యాలు గెలిచినవారిని గురించి, గ్రంథాలు రచించినవారిని గురించి మనం చదువుతూనే ఉన్నాము. అయితే విద్యార్థి మిత్రుల వయసులోనే పని ప్రారంభించి, వారి వయసు దాటీ దాటకముందే పని ముగించి వెళ్ళిపోయిన ఒకని చరిత్రను ముందుంచడం కూడ ఉచితమని మేము తలచాము. ఇది కేవలం ఒక సంగీతజ్ఞుని కథ కాదు. ఒక చెక్క వాద్యము, ఒక వాల్వు యంత్రము, ఒక పేద బాలుడు, ఈ ముగ్గురి కలయిక కథ. వినబడని గొంతు వినబడే గొంతుగా ఎట్లు మారినదో తెలిపే కథ.

ముందుగా గిటారు దుస్థితిని చెప్పుకోవాలి. 1920, 1930 ప్రాంతాలలో అమెరికాలోని నృత్యశాలలు పెద్దపెద్ద వాద్యబృందాలతో నిండి ఉండేవి. ట్రంపెట్లు, ట్రాంబోన్లు, శాక్సొఫోన్లు, డ్రమ్ములు కలిసి మ్రోగుతూ ఉంటే, చెక్కపెట్టెపై తీగెలు బిగించిన గిటారు పెట్టే చప్పుడు ఎవరికి వినబడుతుంది? పెండ్లి పందిట్లో బ్యాండు మేళం సాగుతూ ఉండగా తంబురా పట్టుకొని కూర్చున్నవాని పరిస్థితి వంటిదే అది. గిటారు వాయించేవాడు వెనుక వరుసలో, డ్రమ్ములకు ప్రక్కగా కూర్చుండి, తాళానికి అనుగుణంగా శ్రుతులు మీటుతూ ఉండేవాడు. అతడు ఉన్నట్లు తోటి వాద్యకారులకు తెలిసేది. లేకపోతే లోటు కూడ తెలిసేది. కాని ఉన్నాడని సభకు తెలిసేది కాదు. ముందుకు వచ్చి తన భావాన్ని తాను చెప్పుకొనే హక్కు బాకాలకే దక్కింది.

చార్లీ టెక్సస్ రాష్ట్రంలోని బానమ్ అనే చిన్న పట్టణంలో నల్లజాతి కుటుంబంలో జన్మించాడు. అతడు పసివాడై ఉండగానే కుటుంబం ఓక్లహోమా సిటీకి తరలి వచ్చింది. తండ్రి క్లారెన్స్ సంగీతం తెలిసినవాడు. జ్వరపీడ వలన చూపు కోల్పోయాడు. చూపులేని తండ్రికి బిడ్డలే కన్నులైనారు. తండ్రీకొడుకులు వాద్యాలు భుజాన వేసుకొని కలిగినవారు నివసించే వీధులలో తిరుగుతూ, ఇండ్ల ముందు నిలిచి వాయించి, ఇచ్చిన డబ్బో వస్తువులో తెచ్చుకొని జీవనం సాగించేవారు. ఎడ్వర్డు, క్లారెన్స్ అనే అన్నలు వాద్యాలు పట్టితే, అందరికంటె చిన్నవాడైన చార్లీ మొదట నాట్యం చేసేవాడు. తరువాత గిటారు పట్టాడు. అతనికి పన్నెండేళ్ళ వయసులో తండ్రి మరణించాడు. ఆస్తిగా మిగిలినవి తండ్రి వాయించిన వాద్యాలే.

ఆ రోజులలో ఓక్లహోమాలో నల్లవారికి, తెల్లవారికి బడులు వేరు, వాడలు వేరు. నల్లవారి పిల్లలు చదివే డగ్లస్ పాఠశాలలో చార్లీ చేరాడు. ఈ పాఠశాలను గురించి ప్రత్యేకించి చెప్పవలసి ఉన్నది. సంపన్నమైన విద్యాలయం కాకపోయినా, అక్కడ సంగీతాన్ని వేడుకగా కాక విద్యగా బోధించేవారు. ఆ కృషికి ప్రాణం జీలియా బ్రో అనే ఉపాధ్యాయురాలు. నగరంలోని నల్లవారి పాఠశాలలన్నిటిలో సంగీత బోధనను ఆమె తీర్చిదిద్దారు. చార్లీ ఆమె వద్దకు వెళ్ళి టెనర్ శాక్సొఫోను నేర్చుకొంటానన్నాడు. ఆమె ట్రంపెట్ నేర్చుకోమన్నారు. ట్రంపెట్ ఊదితే పెదవి చెడుతుందని భయపడి ఆ పిల్లవాడు బడి బ్యాండునే విడిచి, తనకు బాగా చేతనైన బేస్‌బాల్ ఆటకు వెళ్ళిపోయాడు. ఊదే వాద్యం చేతికి రాలేదు. కాని శాక్సొఫోను మీది మోజు మనసులో నిలిచే ఉన్నది. ఆ మోజే తరువాతి కాలంలో గిటారు తీగెలలోంచి పైకి వచ్చినదని మా అభిప్రాయం.

అదే పాఠశాలలో చదివిన మరొక విద్యార్థి రాల్ఫ్ ఎలిసన్. 1952లో అదృశ్య మానవుడు అనే అర్థం వచ్చే పేరుతో నవల వ్రాసి అమెరికా సాహిత్యంలో సుప్రసిద్ధుడైన రచయిత ఈయనే. చార్లీ బాల్యాన్ని గురించి మనకు తెలిసిన విషయాలలో చాలాభాగం ఎలిసన్ వ్రాసిన జ్ఞాపకాల వలన తెలిసినవే. బడిలో చేతిపనుల తరగతి ఉండేది. ఆ తరగతిలో చార్లీ ఖాళీ చుట్టపెట్టెలతో గిటారులు తయారుచేసి, వాటిని మీటి తోటి పిల్లలను అలరించేవాడట. కొనే శక్తి లేనివాడు చేసుకొనే శక్తిని సంపాదించుకొన్నాడు. ఒకే బడిలో, ఒకే వాడలో పెరిగిన ఇద్దరిలో ఒకడు కంటికి కనబడని మనిషిని గురించి వ్రాయడం, మరొకడు చెవికి వినబడని వాద్యానికి వాక్కునివ్వడం ఆలోచింపదగిన విషయం.

ఓక్లహోమా సిటీలోని రెండవ వీధి నల్లవారి వ్యాపారాలకు, వినోదాలకు కేంద్రం. అక్కడికి వచ్చే సంచార వాద్యబృందాలలో లెస్టర్ యంగ్ అనే శాక్సొఫోను విద్వాంసుడు ఉండేవాడు. ఇతరులు బిగ్గరగా, బరువుగా ఊదుతూ ఉంటే ఆయన తేలికగా, మాట్లాడినట్లు ఊదేవాడు. ఒక వాక్యం వెనుక మరొక వాక్యం వచ్చినట్లు స్వరపంక్తులు ఆయన వాద్యంలోంచి సాగి వచ్చేవి. ఆ వాద్యం చార్లీ చెవిలో నాటుకొన్నది. గిటారుపై శ్రుతులు మీటడంతో అతనికి తృప్తి లేకపోయింది. శాక్సొఫోను వలె గిటారు కూడ ఒక్కొక్క స్వరంతో కథ చెప్పవలెనని అతని తపన. చెప్పగలిగే నేర్పు వ్రేళ్ళకు వచ్చింది. కాని చెప్పితే వినిపించేదెట్లు?

ఈ ప్రశ్నకు సమాధానం సంగీతశాలలో కాక, రేడియో మరమ్మతు చేసేవారి బల్లపై తయారవుతూ ఉన్నది. 1906లో లీ డి ఫారెస్ట్ అనే అమెరికా దేశస్థుడు గాజుబుడ్డిలో మూడు భాగాలు గల వాల్వును రూపొందించాడు. ఒకప్పుడు మన ఇండ్లలోని రేడియోపెట్టెలలో ఎర్రగా వెలుగుతూ, వేడెక్కేవరకు పలుకని వాల్వులను పెద్దలు ఎరుగుదురు. ఆ వాల్వు పనిచేసే తీరును చెరువు తూముతో పోల్చి చెప్పవచ్చు. చెరువులో నీటి బలం చాల గొప్పది. తూము తలుపును ఎత్తి దించడానికి కావలసిన బలం కొంచెమే. తలుపు ఎట్లు కదిలితే నీరు అట్లు పారుతుంది. వాల్వులో వేడెక్కిన భాగం నుండి పలకవైపు ప్రవహించే విద్యుత్తు చెరువు నీరు వంటిది. మధ్యనున్న సన్నని జాలీ తూము తలుపు వంటిది. ఆ జాలీకి అందిన అతి స్వల్పమైన సంకేతం ఎట్లు కదిలితే ఆ పెద్ద ప్రవాహం అట్లే కదులుతుంది. చిన్నదానిని పెద్దది చేయడమనగా ఇదే. ఇట్టి వాల్వులను వరుసగా అమర్చి, చివర స్పీకరును తగిలించిన యంత్రమే ఆంప్లిఫయరు.

అయితే గిటారు తీగె కదలికను విద్యుత్ సంకేతంగా మార్చేదెవరు? ఆ పని పికప్ అనే చిన్న పరికరానిది. అయస్కాంతము, దాని వద్ద చుట్టిన సన్నని రాగితీగె, ఇంతే దాని నిర్మాణం. ఉక్కుతీగె అయస్కాంతం సమీపంలో కంపిస్తే, ఆ కంపనాన్ని అనుసరించి రాగిచుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టుతుంది. 1932లో రికెన్‌బ్యాకర్ వారు ఈ పద్ధతిలో చేసిన హవాయి గిటారును బజారులోకి తెచ్చారు. దానిని ఒడిలో వెల్లకిలా పెట్టుకొని వాయించవలసి ఉండేది. మామూలుగా గుండెకు ఆనించి పట్టుకొనే గిటారుకు ఈ భాగ్యం కొంత ఆలస్యంగా లభించింది. మిచిగన్ రాష్ట్రంలో కలమజూ పట్టణంలోని గిబ్సన్ కర్మాగారం 1936లో ఇ.ఎస్. 150 అనే గిటారును, దానికి జోడుగా ఇ.హెచ్. 150 అనే వాల్వు ఆంప్లిఫయరును అమ్మకానికి పెట్టింది. గిటారు, ఆంప్లిఫయరు, రెంటినీ కలిపే తీగె, మూడూ కలిపి ఇంచుమించు నూట యాభై డాలర్లు. పేరులోని 150 అనే అంకెకు అదే ఆధారం.

ఈ జోడును గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. ఇ.ఎస్. 150 చూడడానికి మామూలు డొల్లపెట్టె గిటారే. దాని పైపలక క్రింద దాగి పొడవైన బరువైన అయస్కాంతాలు ఉండేవి. పైకి మాత్రం తీగెల క్రింద ఒక ఉక్కుపట్టీ అంచు, పలకపై మూడు మరలు కనిపించేవి. దాని గొంతు బొంగురు కాదు, కీచు కాదు; గుండ్రంగా, నిండుగా ఉండేది. ఆంప్లిఫయరు శక్తి సుమారు పదిహేను వాట్లు. నేటి సభలలో వాడే యంత్రాల ముందు అది పసిబిడ్డ. అయితే వాల్వు యంత్రానికి ఒక స్వభావం ఉన్నది. తీగెను మృదువుగా మీటితే అది మృదువుగా పలుకుతుంది. గట్టిగా మీటితే, తన శక్తి హద్దుకు వచ్చినప్పుడు ఒక్కసారిగా తెగినట్లు బద్దలు కాక, స్వరం అంచులను గుండ్రం చేసి, దానికి కొంత గరుకును, కొంత కండను చేర్చుతుంది. కనుక మీటే వ్రేలి బలాన్ని బట్టి యంత్రం గొంతు మారుతుంది. అనగా యంత్రం కూడ వాద్యంలో భాగమే.

అందులోనే కష్టం కూడ ఉన్నది. కళాశాల వార్షికోత్సవంలో మైకు స్పీకరుకు ఎదురుగా వెళ్ళితే పుట్టే కూతను విననివారు ఉండరు. డొల్లపెట్టె గిటారుకు కూడ అదే జబ్బు. స్పీకరు ధ్వని పెట్టెను కదిలిస్తుంది. పెట్టె తీగెను కదిలిస్తుంది. తీగె మళ్ళీ స్పీకరును కదిలిస్తుంది. ఈ చక్రం తిరిగితే సంగీతం పోయి కూత మిగులుతుంది. యంత్రం ఎంత దూరంలో ఉండాలి, మర ఎంతవరకు త్రిప్పాలి, తీగెను ఎంత గట్టిగా మీటాలి అన్నది వాయించేవాడు తానే కనిపెట్టుకోవాలి. గిటారుకు, యంత్రానికి కుదిర్చే ఈ పొత్తు ఒక విద్య. దానికి అప్పటికి పాఠ్యగ్రంథం లేదు, గురువులూ బహుకొద్దిమంది.

ఆ కొద్దిమందిలో ఎడ్డీ డర్హమ్ ఒకడు. ట్రాంబోను, గిటారు రెండూ వాయించే ఈ విద్వాంసుడు యంత్రం సహాయంతో గిటారును వినిపించిన తొలితరం వారిలో ముఖ్యుడు. 1937 ప్రాంతంలో చార్లీ ఆయనను కలిసికొని, ఆయన వద్ద మెళకువలు తెలిసికొన్నాడు. త్వరలోనే గిబ్సన్ గిటారు, ఆంప్లిఫయరు చార్లీ చేతికి వచ్చాయి. విద్యుత్ గిటారును మొట్టమొదట వాయించినవాడు చార్లీ అని కొందరు అనుకొంటారు. అది నిజం కాదు. అతనికంటె ముందు మరికొందరు వాయించారు, రికార్డులు కూడ ఇచ్చారు. చార్లీ చేసినది వేరు. ఇతరులు ఆంప్లిఫయరును గిటారుకు తగిలించిన బాకాగా భావించారు. అతడు గిటారును, ఆంప్లిఫయరును కలిపి ఒకే కొత్త వాద్యంగా భావించాడు. 1938లో నార్త్ డకోటా రాష్ట్రంలోని బిస్మార్క్ పట్టణంలో అతడు వాయిస్తూ ఉండగా, మేరీ ఆస్‌బోర్న్ అనే యువతి బయటినుండి విని, ఎవరో యంత్రంలో శాక్సొఫోను ఊదుతున్నారని భ్రమపడిందట. లోపలికి వెళ్ళి చూస్తే గిటారు! ఆమె వెంటనే తానూ ఒక విద్యుత్ గిటారు కొన్నది. తరువాతి కాలంలో పేరొందిన వాద్యకారిణి అయినది. చిన్ననాడు దొరకని శాక్సొఫోను చార్లీకి ఈ రూపంలో దొరికింది.

మేరీ లూ విలియమ్స్ అనే పియానో విదుషి చార్లీ ప్రతిభను గమనించి, జాన్ హామండ్ అనే సంగీత పోషకునికి తెలిపింది. హామండ్ 1939లో ఓక్లహోమా సిటీకి వెళ్ళి, చార్లీని విని ముగ్ధుడై, బెన్నీ గుడ్‌మన్ వద్దకు చేర్చాలని నిశ్చయించాడు. గుడ్‌మన్ అప్పటికి అమెరికాలో అగ్రశ్రేణి బృందనాయకుడు. షికాగో నగరపు పేద యూదు వలస కుటుంబంలో పుట్టి, క్లారినెట్ వాద్యంతో పైకి వచ్చినవాడు. నల్లవారు, తెల్లవారు ఒకే వేదికపై కూర్చుండడం అపచారంగా ఎంచబడే కాలంలో, 1936 నాటికే నల్లజాతి కళాకారులను తన చిన్న బృందంలో చేర్చుకొని బహిరంగంగా వాయించినవాడు. అయినా పేరు తెలియని కుర్రవాడు, అందులోనూ విద్యుత్ గిటారు పట్టుకొని వస్తున్నాడంటే ఆయనకు ఉత్సాహం కలుగలేదు.

హామండ్ తరువాత చెప్పిన కథనం ప్రకారం, ఆనాడు రెండు పరీక్షలు జరిగాయి. మొదటిది కాలిఫోర్నియాలోని రికార్డింగు స్టూడియోలో. చార్లీ వేషం చూచి గుడ్‌మన్ ముఖం చిట్లించాడట. యంత్రం తగిలించుకొనే వ్యవధి కూడ ఇవ్వకుండ, ఒక పాటకు శ్రుతులు మీటించి పంపివేశాడు. యంత్రం లేని గిటారులో ఏమున్నదో ఆయనకు వినబడలేదు. రెండవది అదే రోజు రాత్రి, 1939 ఆగస్టు 16న, బెవర్లీ హిల్స్‌లోని విక్టర్ హ్యూగో భోజనశాలలో. గుడ్‌మన్ విరామంలో ఉండగా, హామండ్, బేస్ వాద్యకారుడు ఆర్టీ బెర్న్‌స్టీన్ కలిసి ఆంప్లిఫయరును వంటగది దారిన మోసికొని వచ్చి వేదికపై పెట్టారు. తిరిగి వచ్చిన గుడ్‌మన్ వేదికపై చార్లీని చూచి కోపగించినా, సభ ముందు ఏమీ అనలేక, కుర్రవానికి తెలియదనుకొన్న రోజ్ రూమ్ అనే పాటను ఎత్తుకొన్నాడు. చార్లీకి అది తెలిసిన పాటే. తన వంతు రాగానే చరణం తరువాత చరణం, ఏదీ తిరిగి చెప్పకుండ, కొత్తకొత్త పంక్తులు అల్లుకుంటూ పోయాడు. మామూలుగా మూడు నిమిషాలలో ముగిసే ఆ పాట ఆ రాత్రి నలభై నిమిషాలకు పైగా సాగింది. పాట ముగిసేసరికి చార్లీ బృందంలో సభ్యుడైనాడు.

మధ్యాహ్నం ఉన్న మనిషే రాత్రీ ఉన్నాడు; ఆ వ్రేళ్ళే, ఆ గిటారే. మారినదల్లా యంత్రం ఉండడమే. ఇందులో పాఠకులు గమనించవలసిన సత్యం ఒకటి ఉన్నది. అవకాశమనే యంత్రం లేకపోతే ప్రతిభ ఎంతటిదైనా వెనుక వరుసలోనే ఉండిపోతుంది. కాని ఆ యంత్రం వచ్చిననాడు చెప్పవలసినది సిద్ధంగా లేకపోతే, అది శూన్యాన్నే పెద్దదిగా చేసి వినిపిస్తుంది. చార్లీకి ఆ రాత్రి నలభై నిమిషాల మాట సిద్ధంగా ఉన్నది. తండ్రి వెంట వీధులలో తిరిగిన నాటినుండి అతడు దానిని కూడబెట్టుకొంటూ వచ్చాడు.

అంతవరకు రాత్రికి రెండున్నర డాలర్లు సంపాదించిన యువకునికి వారానికి నూట యాభై డాలర్ల జీతం ఏర్పడింది. 1939 అక్టోబరు 2న న్యూయార్కులో గుడ్‌మన్ ఆరుగురి బృందం మొదటి రికార్డులు చేసింది. అందులో ముగ్గురు నల్లవారు, ముగ్గురు తెల్లవారు. ఆ సంవత్సరం డిసెంబరు 24న న్యూయార్కులోని ప్రఖ్యాత కార్నెగీ హాలులో చార్లీ వాయించాడు. ఫ్లయింగ్ హోమ్, సెవెన్ కమ్ ఎలెవెన్, ఎయిర్ మెయిల్ స్పెషల్ మొదలైన రికార్డులలో అతని గిటారు క్లారినెట్‌తో సమానంగా నిలిచి పలుకుతుంది. 1941 మార్చి 4న రికార్డు చేసిన సోలో ఫ్లైట్‌లో స్థానాలు పూర్తిగా తారుమారైనాయి. పెద్దబృందంలోని బాకాలన్నీ వెనుకకు జరిగి వంత పలుకుతూ ఉంటే, గిటారు ఒంటరిగా ముందు నిలిచి మాట్లాడింది. ఒకనాడు ఎవరి వెనుక దాగి ఉండినదో, వారినే వెనుక నిలుపుకొన్నది.

అతని వాద్యంలో గొప్పదనం ధ్వని పెద్దదగుటలో లేదు. యంత్రం చేతిలో ఉన్నది కదా అని అతడు అరవలేదు. గొంతు పెంచనవసరం లేనివాడు మాటపై మనసు పెట్టగలుగుతాడు. తీగెలను చితకబాదే అవసరం తప్పడంతో అతని చేయి తేలికపడింది. తేలికపడిన చేతితో పొడవైన స్వరపంక్తులను ఊపిరి తిరగకుండ నడిపించాడు. ఎదురుచూడని చోట ఒత్తు పెట్టాడు. శ్రుతికి ఆవలనున్నట్లు తోచే స్వరాలను తాకి తిరిగి ఇంటికి చేర్చాడు. ఎక్కడ ఆగవలెనో తెలిసి ఆగాడు. నేడు ఆ రికార్డులు వినేవారికి, ఎవరో నిదానంగా, తెలివిగా, చిరునవ్వుతో మాట్లాడుతున్నట్లు తోస్తుంది.

గుడ్‌మన్ కొలువు ముగిసిన తరువాత చార్లీ ఇంటికి వెళ్ళేవాడు కాదు. న్యూయార్కులో నల్లవారి పేట అయిన హార్లెమ్‌లో, 118వ వీధిలోని మింటన్స్ ప్లేహౌస్‌కు వెళ్ళేవాడు. అక్కడ థెలోనియస్ మంక్, కెన్నీ క్లార్క్, డిజీ గిలెస్పీ వంటి యువకులు తెల్లవార్లూ కొత్త బాణీలు ప్రయత్నిస్తూ ఉండేవారు. రోజూ మోసికొని రానవసరం లేకుండ చార్లీ కోసం అక్కడ వేరుగా ఒక ఆంప్లిఫయరునే ఉంచారు. తరువాత బీబాప్ అనే పేరుతో ప్రసిద్ధికెక్కిన కొత్త సంగీతానికి పునాదులు ఆ గదిలో పడ్డాయి. 1941లో జెర్రీ న్యూమన్ అనే కొలంబియా విశ్వవిద్యాలయ విద్యార్థి తన సొంత యంత్రంతో అక్కడికి వెళ్ళి ఆ రాత్రులను రికార్డు చేశాడు. ఆ విద్యార్థి ఉత్సాహమే లేకపోతే, మూడు నిమిషాల రికార్డు బిగువు లేకుండ చార్లీ ఎట్లు వాయించేవాడో లోకానికి తెలిసేది కాదు. ఇట్లే 1941 మార్చి 13న గుడ్‌మన్ రాక ఆలస్యం కాగా, ఎదురుచూస్తూ తోటివారితో చార్లీ సరదాగా వాయించిన దానిని స్టూడియో వారు రికార్డు చేసి ఉంచారు. ఇవన్నీ ఈనాడు నిధులు.

అయితే దీపం అప్పటికే కొడిగట్టుతూ ఉన్నది. బీదవాడలలో తిష్ఠవేసిన క్షయవ్యాధి అతనిని న్యూయార్కు రాకముందే పట్టుకొన్నది. 1940లో కొద్దికాలం ఆసుపత్రిలో ఉండి, స్వస్థలంలో విశ్రాంతి తీసికొని తిరిగి వచ్చాడు. పగలు ప్రయాణాలు, రాత్రి కొలువు, అర్ధరాత్రి దాటిన తరువాత మింటన్స్. ఆరోగ్యవంతునికే దుర్భరమైన ఈ జీవితం రోగిని ఎంతకాలం నిలువనిస్తుంది? 1941 జూన్‌లో న్యూయార్కులోని స్టేటన్ ఐలండ్‌లో ఉన్న సీ వ్యూ క్షయ చికిత్సాలయంలో చేరాడు. మళ్ళీ బృందంలోకి రాలేదు. 1942 మార్చి 2న అక్కడే మరణించాడు. క్షయను జయించిన తొలి ఔషధం స్ట్రెప్టోమైసిన్ 1943లో కనుగొనబడింది. మరి కొన్నేళ్ళు నిలిచి ఉంటే అతడు బ్రతికేవాడేమో! ఆరోగ్యాన్ని అలక్ష్యం చేసే యువకులు ఈ విషయాన్ని మనసులో ఉంచుకొనవలెను. ప్రతిభకు కూడ దేహమే ఆధారం.

అతని దేహాన్ని పుట్టిన ఊరైన బానమ్‌కు తెచ్చి సమాధి చేశారు. ఆ సమాధిపై పేరు చెక్కిన రాయి 1994 వరకు లేదు. వేదికపై ఎంత గౌరవం జరిగినా, వేదిక దిగిన నల్లజాతి కళాకారునికి ఆనాటి సమాజం చూపిన ఆదరం ఇంతే. కాని రాయి చేయని పనిని రికార్డులు చేశాయి. ఇండియనాపొలిస్‌లో వెస్ మాంట్‌గోమరీ అనే యువకుడు చార్లీ రికార్డులు విని, తానొక గిటారును, ఆంప్లిఫయరును కొని, ఆ పలుకులను ఒక్కొక్కటిగా వల్లెవేసి, తరువాతి తరానికి పెద్ద విద్వాంసుడైనాడు. బి.బి. కింగ్ తనపై చార్లీ ప్రభావాన్ని ఆదరంతో చెప్పుకొన్నాడు. గిబ్సన్ వారి ఆ ఉక్కుపట్టీ పికప్‌ను వాద్యకారులు చార్లీ క్రిస్టియన్ పికప్ అనే పిలుస్తారు. తయారుచేసిన సంస్థ పేరు కాక, వాయించినవాని పేరు పరికరానికి స్థిరపడడం అందరికీ దక్కే గౌరవం కాదు. 1990లో అమెరికాలోని రాక్ అండ్ రోల్ కీర్తిమందిరం అతనిని పూర్వప్రేరకులలో ఒకనిగా చేర్చుకొన్నది.

ట్రాన్సిస్టర్లు వచ్చిన తరువాత రేడియోలలోంచి, ఇతర యంత్రాలలోంచి వాల్వులు దాదాపుగా తొలగిపోయాయి. అయినా గిటారు వాయించేవారిలో అనేకులు నేటికీ వాల్వు ఆంప్లిఫయరునే కోరుతారు. బరువు ఎక్కువ, వేడి ఎక్కువ, వాల్వులు అప్పుడప్పుడు మార్చవలసిన ఖర్చు ఎక్కువ. అయినా వ్రేలి స్పర్శకు అది బదులు పలుకుతుందని వారి నమ్మకం. ఏ గిటారుకు ఏ ఆంప్లిఫయరు పొసగుతుందని వారు నిత్యం వెదకుతూనే ఉంటారు. ఆ వెదుకులాటలో చార్లీ జీవితం చెప్పే పాఠం ఒక్కటే. మంచి జోడు బజారులో సగమే దొరుకుతుంది; మిగిలిన సగం వాయించేవాని చెవిలో, ఓపికలో ఉన్నది.

ఈ చరిత్ర నుండి మా విద్యార్థి సోదర సోదరీమణులు గ్రహింపవలసినది కూడ అదే. సంఘంలో వెనుక వరుసలో కూర్చుండవలసి వచ్చినవారి గొంతు సహజంగానే చిన్నదిగా వినబడుతుంది. ఆ గొంతుకు విద్య ఆంప్లిఫయరు వంటిది. చుట్టపెట్టెలతో గిటారు చేసుకొననిచ్చిన ఒక చిన్న పాఠశాల, వంటగది దారిన యంత్రాన్ని మోసికొని వచ్చిన ఇద్దరు మిత్రులు, ఇట్టివారు లేనిదే చార్లీ లేడు. అట్టి పాఠశాలగా నిలువడం విద్యాసంస్థల బాధ్యత. అట్టి మిత్రులుగా మెలగడం తోటివారి బాధ్యత. వినిపించే సాధనం చేతికి అందిననాటికి వినదగిన మాటను సిద్ధం చేసికొని ఉండడం విద్యార్థుల బాధ్యత. ఇరవై అయిదేళ్ళలో చార్లీ క్రిస్టియన్ తన వంతు నెరవేర్చి వెళ్ళాడు. మన వంతు మిగిలి ఉన్నది.